దీపం ఆరితే పేరు పలకాలి

కూర్మయ్య తలని నేను ఎన్నిసార్లు కుట్టానో నాకే గుర్తులేదు. గోవిందరాజు తలా అంతే. వీడు వాడి తల పగలగొట్టడం, వాడి మనుషులు వచ్చి వీడి వీపు చీల్చడం, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నా ముందు బల్ల మీద కూర్చుని "సిస్టరమ్మా, బేగి కానీ" అని తొందరపెట్టడం. కలకత్తా ఓడరేవులో ఖిదిర్‌పూర్ డాకు పక్కన డిస్పెన్సరీలో నా ఉద్యోగం పేరుకి డ్రెస్సింగ్ నర్సు. చేసిన పని మాత్రం ఈ ఇద్దరు మూర్ఖులూ చావకుండా చూడటం. కాంతం సిస్టరు కోపిష్టిది అని డాకులో అందరూ అనేవారు. కుట్టిన చోటే మళ్ళీ మళ్ళీ కుట్టమంటే కోపం ఎవరికి రాదు? కూర్మయ్య పోయి చాలా కాలమైంది. ఆ కోపం మాత్రం నాకింకా పూర్తిగా పోలేదు.

కూర్మయ్యది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మీసాలు రాకముందే మేనమామ వెంట కలకత్తా వచ్చి డాకులో బస్తాలు మోశాడు. కాస్త నిలదొక్కుకోగానే తమ్ముడు పోలయ్యని తెచ్చుకున్నాడు. అన్న పొట్టి, ఛాతీ వెడల్పు, గొంతు ఓడ కూతతో పోటీ పడేది. తమ్ముడు సన్నగా, చూడముచ్చటగా, ఎప్పుడూ ఏదో నవ్వుకుంటూ ఉండేవాడు. చిన్నప్పుడు గొంతులో జబ్బు చేసి అతనికి స్వరం పోయింది. గుసగుస ఒక్కటే మిగిలింది. బజార్లో సమోసాల కొట్టు ముందు పోలయ్య అన్న చెవిలో ఏదో గొణిగితే, అన్న వీధి చివర దాకా వినబడేలా "మావోడికి రెండు సింగారాలంట దాదా, ఏడిగా ఉండాలంట!" అని అరిచేవాడు. పోలయ్య సిగ్గుతో మొహం తిప్పుకునేవాడు. కూర్మయ్య పెళ్ళి చేసుకుని తవిటమ్మని తెచ్చుకున్నాక కూడా ముందు తమ్ముడికి వడ్డించాకే అతను కంచం ముందు కూర్చునేవాడు. అదేమిటని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు వాళ్ళ పని సంగతి చెప్పాలి. ఓడ కడుపులో సరుకు పెట్టే గదిని హోల్డు అంటారు. పెద్ద నుయ్యిలా ఉంటుంది. పైన దాని అంచు మీద సిగ్నల్ మనిషి నిలబడి కిందికి చూస్తూ, బరువులు దించే వించి యంత్రం నడిపేవాడికి చేతితో సైగ చేస్తాడు. ఆ సైగని బట్టే జనపనార బేళ్ళ మోపు తాళ్ళకి వేలాడుతూ కిందికి దిగుతుంది. కిందనున్న దీపం ఆరిపోతే పైవాడికి ఏమీ కనబడదు. అలాగని అంత బరువుని గాల్లో ఉంచడానికీ లేదు, తాడు తెగిందంటే అందరి మీదా పడుతుంది. అందుకని మన తెలుగు గ్యాంగులవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. దీపం ఆరగానే కిందనున్న ప్రతివాడూ గోడ వారకి తప్పుకోవాలి. వీపు గోడకి ఆనాక, తన పేరు తాను గట్టిగా పలకాలి. అన్ని పేర్లూ విన్నాకే సిగ్నల్ మనిషి చెయ్యి ఊపాలి. ఒకడి పేరు ఇంకొకడు పలకకూడదు. బీహారీ గ్యాంగులవాళ్ళు దీన్ని చూసి బడిపిల్లల హాజరని నవ్వేవారు, కానీ మనవాళ్ళు మానలేదు.

ఆ నియమం పోలయ్య ఒక్కడి దగ్గర సడలింది. గొంతు లేనివాడు ఏం పలుకుతాడు? అతను ఎప్పుడూ అన్న చొక్కా పట్టుకుని పక్కనే నిలబడేవాడు కాబట్టి, అతని పేరు కూడా అన్నే పలికేవాడు. వాళ్ళిద్దరూ ఉండేది చివరి మూల. అందరి పేర్లూ అయ్యాక ఆ మూల నుంచి "కూర్మయ్యా! పోలయ్యా!" అని రెండూ ఒకే ఊపిరిలో వచ్చేవి. పైన గోవిందరాజు వేళ్ళు ముడుస్తూ లెక్క పెట్టుకుని చెయ్యి ఊపేవాడు. గోవిందరాజు కూడా ఆ పల్లెవాడే, వరసకి బావ. ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఒకే కుండలో వండుకు తిన్నవాళ్ళు.

అప్పటికి బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి ఆరేడేళ్ళయింది. రోజూ కరెంటు పోయే రోజులు. ఓ చలికాలం సాయంత్రం షిఫ్టులో ఆ దీపం ఆరింది. మోపు దిగింది. దీపం మళ్ళీ వెలిగేసరికి హోల్డు మధ్యలో, బేళ్ళ కింద నుంచి పోలయ్య చెయ్యి ఒక్కటి బయటికి ఉంది. ఆ చేతిలో అన్న కొక్కెం ఉంది. బేళ్ళు లాక్కోవడానికి వాడే ఇనప కొక్కెం, కూర్మయ్య తొందరలో మధ్యలో వదిలేసి గోడ వారకి వచ్చేశాడు. తమ్ముడు దాన్ని తేవడానికి వెళ్ళాడు. ఆ శవాన్ని కడిగి గుడ్డ చుట్టింది నేనే. ఎముకలు పట్టు ఇవ్వక, మనిషిని ఎత్తడానికి నలుగురం కావలసి వచ్చింది. ఆ పూట నేను చేతులు ఎంత కడుక్కున్నా జనపనార వాసన పోలేదు.

విచారణలో కూర్మయ్య అందరి ముందూ ఒట్టు పెట్టి చెప్పాడు. "పేర్లు పలక్కముందే సెయ్యూపీసినాడు. నా తమ్ముడ్ని సంపీసినాడు." మిగతా గ్యాంగు వాళ్ళని అడిగితే, వించి మోతలో తమ గొంతు తప్ప ఏమీ వినబడలేదన్నారు. గోవిందరాజుని అడిగితే తల వంచుకుని "తప్పు నాదే" అన్నాడు. ఇంకో మాట లేదు. సిగ్నల్ పని పీకేసి బస్తాల మోతకి పంపారు.

పోలయ్య దినం అయిన మర్నాడే కూర్మయ్య అదే కొక్కెం పట్టుకుని డాకు గేటు దగ్గర కాపు కాశాడు. గోవిందరాజు కుడిచెయ్యి గేటు చెక్కకి అదిమిపెట్టి మూడు వేళ్ళు తీసేశాడు. "ఊపిన సెయ్యి ఇదేగదా!" అని అరుస్తూనే ఉన్నాడట. గోవిందరాజు రక్తం కారుకుంటూ నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఎవరు చేశారని పోలీసులు అడిగితే "వించి తాడులో పడ్డాయి" అన్నాడు. అంత నొప్పిలో అంత నెమ్మదిగా అబద్ధం చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అక్కడితో ఆగి ఉంటే సరే. గోవిందరాజు ఊరుకున్నా అతని మేనల్లుళ్ళు ఊరుకోలేదు. రెండో యూనియన్‌లో చేరి, ఎన్నికల రోజున కూర్మయ్య మీద నాటు బాంబు విసిరారు. వీపు తోలు ఊడి నడుం దాకా వేలాడింది. అతను ఆ వీపుతోనే ఎర్రజెండా యూనియన్‌లోకి పోయాడు. ఆ గొంతు వాళ్ళకి కావాలి. సమ్మె జరిగితే ముందు వరసలో కూర్మయ్య, లారీ అద్దాలు పగలగొట్టడానికి కూర్మయ్య, ఎదుటి యూనియన్ ఆఫీసులో దూరి కుర్చీలతో కొట్టడానికి కూర్మయ్య. సైకిల్ గొలుసులు, సోడా బుడ్లు, లాఠీలు, అన్నీ ఆ ఒంటి మీద గుర్తులు పెట్టాయి. వీధిలో అతను వస్తుంటే పిల్లలు ఆట ఆపేవారు. ఆ కొక్కెం ఎప్పుడూ నడుముకి ఉండేది. పడుకున్నప్పుడు తలగడ కింద పెట్టుకునేవాడని తవిటమ్మ చెప్పింది. ఆవిడకి నవ్వడం వచ్చనే సంగతి మేమంతా మర్చిపోయాం.

పదేళ్ళు దాటాక తవిటమ్మే ఓ రోజు డిస్పెన్సరీకి వచ్చి, ఉన్నట్టుండి అడిగింది. "సిస్టరమ్మా, ఈ బెంగాలీ వోల్లు పూజ సెలవలకి ఊర్లెల్తారు గదా, సామాన్లన్నీ కట్టుకోని, వంటోడ్ని కూడా అట్టుకెల్లి... ఆలు ఏటి సూత్తారు?" నేను కొండలనీ, సముద్రమనీ, అడవులనీ ఏదో చెప్పాను. "మనం ఎప్పుడూ ఊరెల్తాం. సావుకో, పెల్లికో. సూడ్డానికని యాడికీ ఎల్లలేదు. ఒకపాలి సూడ్డానికెల్దామా?" అంది. ఆ మాట నా మనసుకి తగిలింది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి, రోజూ రైళ్ళు చూస్తూ పెరిగినదాన్ని, నేను మాత్రం ఎక్కడికెళ్ళాను?

మైదానంలో పెట్టిన టూరిజం మేళా నుంచి ఒక కాగితం తెచ్చాను. బస్తర్ అడవుల్లో కాంగేర్ లోయ అని నేషనల్ పార్కు, అందులో కుటుంసర్ అనే గుహ. వానాకాలం మూసేస్తారు, చలికాలం తెరుస్తారు. గైడు పెట్రోమాక్సు దీపం పట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు. ఆదివారం మా తెలుగువాళ్ళ క్లబ్బు గదిలో మనవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఆ బెంగాలీ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాను. ఆడవాళ్ళు ముందుకి జరిగారు. అక్కడ పులులుంటాయా, చెప్పులు వేసుకుని వెళ్ళనిస్తారా, లోపల దేవుడున్నాడా అని ప్రశ్నలు. దేవుడు లేకపోతే అంత దూరం ఎందుకని పాత గ్యాంగు మనిషి పోలిరాజు అనుమానం. కూర్మయ్య గుమ్మం దగ్గర బీడీ కాలుస్తూ, వినీ విననట్టు కూర్చున్నాడు.

"గుహ మధ్యలో పెద్ద గదిలాంటి చోట గైడు దీపం ఆర్పేసి, చీకటంటే ఏమిటో చూపిస్తాడు" అని చదివాను. చిన్నవాళ్ళు ఓహో అన్నారు. అదే గ్యాంగులోని గురువులు అనేవాడు అలవాటు ప్రకారం నోరు పారేసుకున్నాడు. "అయితే మనమంతా పేర్లు పలకాల్రా! పోలయ్య పేరు ఎవులు పలుకుతారో మరి!"

కూర్మయ్య లేచి, టీ గ్లాసు తీసుకుని, గురువులు మొహం మీద పగలగొట్టాడు. పెదవి రెండు ముక్కలైంది, ముందు పళ్ళు నేల మీద రాలాయి. తర్వాత అతను నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు అడిగాడు. "దీపం ఎంతసేపు ఆర్పుతాడు సిస్టరమ్మా?"

"కాగితంలో లేదు" అన్నాను, గురువులు నోట్లో గుడ్డ కుక్కుతూ.

ఆ రోజు నుంచి కూర్మయ్యంత ఉత్సాహంగా ఆ ప్రయాణం పనులు చూసినవాడు లేడు. మా ఆయన ప్రేమానందం రైల్వేలో ఉన్నాడు కనుక టిక్కెట్లు ఆయన వంతు. మిగతాదంతా కూర్మయ్యే. వంట గుండిగలు ఏవి తీసుకెళ్ళాలి, ఎండుచేపలు ఎన్ని కట్టాలి, టార్చిలైటు సెల్సు ఎవరి దగ్గరుండాలి. జారకుండా ఉండాలని ఫ్యాన్సీ మార్కెట్‌లో అందరికీ కాన్వాసు బూట్లు బేరమాడాడు. గుహలు చూసొచ్చిన పక్కవీధి బెంగాలీ దాదాని పట్టుకుని గుహల్లో నేల ఎలా ఉంటుంది, మనిషి పక్కన మనిషి పడతాడా, గొంతు ఎంత దూరం వినబడుతుంది అని అడిగాడట. దాదా వచ్చి "మీ కూర్మయ్య ఎంత శ్రద్ధ గల మనిషి!" అని నాతో మెచ్చుకున్నాడు. ఆ దాదా బుర్ర బద్దలు కొట్టాలనిపించింది.

పిలుపు సంగతి వచ్చేసరికి, అందరూ వింటుండగా కూర్మయ్య అన్నాడు. "గోవిందరాజుని కూడా పిలండి. నాను పిలిసినానని సెప్పండి."

క్వార్టర్లన్నీ సంబరపడ్డాయి. పగ తీరింది, ఇక బాంబులుండవు, పిల్లలు వీధిలో ఆడుకోవచ్చు అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. సంబరపడనిది నేనూ తవిటమ్మా. ఆవిడ మొగుడి జోలెసంచి సర్దుతూ తువ్వాల్లో చుట్టిన కొక్కెం చూసింది. కొత్తగా సానపట్టి ఉంది. తీసి బియ్యం డబ్బాలో దాచింది. మర్నాడు విరిగిన మణికట్టుతో నా దగ్గరికి వచ్చింది. కట్టు కడుతుంటే ఏడవలేదు. "ఈపాలి ఆన్ని సంపీత్తాడు సిస్టరమ్మా. తరవాత ఈన్ని ఉరి తీత్తారు. నేనే గదా సూడ్డానికెల్దామన్నాను" అంది. ఆ అమ్మాయి అడిగింది ఏమిటి, ఒక్కసారి ఏదైనా అందమైనది చూద్దామని. దానికి దక్కింది ఇది.

నేను తిన్నగా కూర్మయ్య దగ్గరికి వెళ్ళి కడిగేశాను. "సిగ్గులేదా? పెళ్ళాం చెయ్యి విరిచి విహారానికి వెళ్తావా? ఈ ప్రయాణం నేను ఆపించేస్తాను."

"ఆపించు" అన్నాడు, కళ్ళు ఎత్తకుండా. "ఆపించితే ఈడనే, పట్టపగలు, ఆడి పిల్లల ముందే సేత్తాను. ఆడ సీకట్లో అయితే ఎవులూ సూడరు. నా తమ్ముడు సీకట్లో పోయినాడు. ఈడూ సీకట్లోనే పోవాల."

పోలీసులకి చెప్పడం దండగ. అతని యూనియన్ జెండా చూస్తే స్టేషన్ ఎస్సై కుర్చీ వేసేవాడు. మిగిలింది గోవిందరాజు. కాలి పుండుకి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు తలుపు మూసి చెప్పాను. "నువ్వు రావద్దు. నిన్ను ఎందుకు పిలిచాడో తెలుసా?"

"తెలుసు సిస్టరమ్మా."

"తెలిసి ఎలా వస్తావు?"

అతను రెండు వేళ్ళు మిగిలిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. "ఇన్నేల్లకి పిలిసినాడు. ఎల్లకపోతే ఎలాగ?"

ఇద్దరూ ఇద్దరే. నేను మందుల పెట్టెలో కుట్లు వేసే దారం, సూదులు, దూది మామూలుకంటే ఎక్కువ సర్దుకున్నాను. ఎవరెవరు ఎక్కడ నడవాలో కూడా ముందే అనుకున్నాను. కూర్మయ్య గైడు వెనకే అందరికంటే ముందు, గోవిందరాజు అందరికంటే వెనక, మధ్యలో నేనూ తవిటమ్మా. ఒక పార్కు చూడ్డానికి ఇలా సిద్ధమైన ఆడది ఇంకొకతె ఉండదు.

హౌరాలో రైలెక్కాం. మర్నాడు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వచ్చేసరికి సగంమంది అలవాటు కొద్దీ బుట్టలు అందుకుని లేచి నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి ఆ స్టేషన్‌లో దిగకుండా ముందుకి వెళ్తున్నామని గుర్తొచ్చి, నవ్వుకుంటూ కూర్చున్నారు. గోవిందరాజూ నవ్వాడు. కూర్మయ్య మాత్రం ప్లాట్‌ఫారం వైపు తిరిగి, రైలు కదిలేదాకా చూశాడు. మొదటిసారి తమ్ముణ్ణి రైలెక్కించింది అక్కడే. విజయనగరంలో దిగి, బస్సు కట్టించుకుని కొండలెక్కి జగ్దల్‌పూర్ చేరాం. దారిలో వాంతులు, పిల్లల ఏడుపులు, ఎండుచేపల వాసన. తవిటమ్మ కట్టు కట్టిన చెయ్యి కిటికీ మీద పెట్టి అడవిని కళ్ళార్పకుండా చూసింది. ఒక్క క్షణం ఆ మొహంలో నవ్వు లాంటిది కనబడింది.

గుహ నోరు చిన్నది. ఇద్దరు పక్కపక్కన దిగడానికి లేదు. మెట్లు తడిసి ఉన్నాయి. గైడు పెట్రోమాక్సు ఎత్తి పట్టుకుని ముందు దిగాడు. నేను అనుకున్న వరసలోనే దింపాను. కానీ కిందికి దిగేకొద్దీ గాలి వెచ్చబడింది, రాళ్ళు ఇరుకయ్యాయి, పెద్దవాళ్ళని చెయ్యి పట్టి దాటించే హడావిడిలో వరస చెదిరింది. పెద్ద గదిలాంటి చోటికి వచ్చేసరికి పైనుంచి కొవ్వొత్తి కారినట్టు దిగిన రాళ్ళు దీపంలో మెరిశాయి. అందరూ తలలెత్తి "అబ్బా" అన్నారు. నేను తల దించి చూశాను. కూర్మయ్య ఎప్పుడు వెనక్కి వచ్చాడో, గోవిందరాజుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కుడిచెయ్యి జోలెసంచిలో ఉంది.

"ఎవరూ కదలకండి, దీపం ఆర్పుతున్నాను" అన్నాడు గైడు హిందీలో. వద్దని అరవబోయాను. దీపం ఆరింది.

అలాంటి చీకటి నేను ఎరగను. కళ్ళు ఉన్నాయో లేవో తెలియదు. తవిటమ్మ గోళ్ళు నా మోచేతిలో దిగాయి. ఎవరిదో వేడి ఒళ్ళు నన్ను రాసుకుంటూ ముందుకి పోయింది. బీడీ వాసన. ఇనుము దేనికో తగిలిన చిన్న చప్పుడు. యేసయ్యా అనుకున్నాను.

అప్పుడు ఓ మూల నుంచి, చిట్లిన పెదవితో తొట్రుపడుతూ, ఒక గొంతు వచ్చింది. "గురువులూ!"

అది తమాషాకి అన్నది కాదు. చీకటి పడితే ఆ నోళ్ళు అలా తెరుచుకుంటాయి, అంతే. ఇంకో పక్క నుంచి "పోలిరాజూ!" అని వచ్చింది. పాత గ్యాంగువాళ్ళంతా ఆ చివరి మూల కోసం ఆగారు.

నా ముందు నుంచి, చెవులు అదిరేలా, ఆ గొంతు లేచింది.

"కూర్మయ్యా! పోలయ్యా!"

రెండూ ఒకే ఊపిరిలో. గుహ అంతా తిరిగి, ఆ రెండో పేరు మా మీదికి మళ్ళీ మళ్ళీ వచ్చింది. గైడు ఇదేదో ఆట అనుకుని నవ్వుతూ దీపం వెలిగించాడు.

కొక్కెం గోవిందరాజు మెడకి జానెడు దూరంలో, గాల్లో ఎత్తి ఉంది. గోవిందరాజు తప్పుకోలేదు. రెండు వేళ్ళ చెయ్యి పైకెత్తి, పేర్లు లెక్కపెడుతున్నవాడిలా నిలబడి ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు.

"ఆ పొద్దు కూడా ఇలగే కూర్మా" అన్నాడు. "రెండూ ఇనపడ్డాయి. ఇనపడ్డాకే సెయ్యూపినాను."

"నాను పలకనేదు" అన్నాడు కూర్మయ్య.

"పలికినావు. నీకే తెల్దు. ఆడు పక్కనున్నాడనుకోని పలికీసినావు."

"నేదు. ఆడు నేకుండా నానెందుకు పలుకుతాను?" అని గురువులు వైపు చూశాడు. విచారణలో ఏమీ వినబడలేదన్న గురువులు తల దించుకున్నాడు. పోలిరాజు వైపు చూశాడు. అతనూ అంతే. అప్పుడు తవిటమ్మ నన్ను వదిలేసి మొగుడి ముందుకి వెళ్ళింది. తిట్టలేదు. జ్వరం వచ్చిన బిడ్డతో మాట్లాడినట్టు అడిగింది. "ఇప్పుడు పలికినావు గదా మావా. పోలయ్య ఇక్కడున్నాడేటి?"

కూర్మయ్య నోరు తెరిచాడు. అంత గొంతులోంచి గుసగుస కూడా రాలేదు. కొక్కేన్ని చూశాడు. తమ్ముడు చీకట్లో దేనికోసం వెనక్కి వెళ్ళాడో ఆ కొక్కెం. ఎవరం అందుకునేలోపే దాన్ని తన ఎడమ చేతిలో మోచేతి కింద దింపి, కిందికి లాగాడు. రక్తం రాళ్ళ మీద చిమ్మింది. మళ్ళీ ఎత్తాడు, ఈసారి పీకకి. గోవిందరాజు మీదపడి అతన్ని నేలకి అణిచాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. కూర్మయ్య తన్నాడు, కొరికాడు, "ఒగ్గీ బావా, నన్నొగ్గీ" అని అరిచాడు. ఆ బావా అనే పిలుపు విని పదేళ్ళు దాటింది. గోవిందరాజు రెండు వేళ్ళతోనే ఆ మణికట్టు పట్టి రాతికేసి కొట్టాడు. కొక్కెం ఎగిరి ఎక్కడో నీళ్ళలో పడింది.

నేను చీర చెంగు చింపి బిగించి కట్టాను. గైడు దీపం వంచి పట్టుకుంటే, ఆ వెలుగులోనే కుట్లు వేశాను. వేస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. "ఇన్నేళ్ళు నాతో ఒళ్ళంతా కుట్టించుకున్నారు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు? వేళ్ళు పోయినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

గోవిందరాజు కూర్మయ్య ఛాతీ మీద నుంచి లేవకుండానే జవాబిచ్చాడు. "సెప్పుంటే ఆ పొద్దే ఈడు ఈ కొక్కెం పీకకెట్టుకుందుడు. ఒక సావు సాల్దా సిస్టరమ్మా? ఏల్లే గదా, పోతే పోయినాయి."

కూర్మయ్యకి ఏడుపు అప్పుడు వచ్చింది. గోవిందరాజు చొక్కా గుప్పిట పట్టుకుని ఏడ్చాడు. పోలయ్య తన చొక్కా అలాగే పట్టుకునేవాడు. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఇద్దరి మీదా కాదు, ఎవరి మీదో తెలియదు.

తిరిగి పైకి ఒక్కొక్కరే ఎక్కాలి. గైడు భయపడిపోయి, ఎవరైనా లోపల మిగిలిపోతారేమోనని కంగారు పడుతున్నాడు. గోవిందరాజు ముందు ఎక్కి, గుహ నోటి దగ్గర అంచు మీద నిలబడ్డాడు. పాత రోజుల్లోలాగే నడుం వంచి కిందికి చూశాడు. వెలుగు వెనక నుంచి పడి అతని మొహం కనబడలేదు, ఎత్తిన చెయ్యి మాత్రం కనబడింది. ఎవరూ చెప్పకుండానే మెట్టు ఎక్కేముందు ఒక్కొక్కరూ పేరు పలికారు. గురువులు, పోలిరాజు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. తవిటమ్మ తన పేరు పలికింది, గట్టిగా, బెరుకు లేకుండా. నేనూ పలికాను.

చివర్న కూర్మయ్య ఒక్కడే కింద మిగిలాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని పైకి చూశాడు.

"కూర్మయ్యా!"

ఊపిరి ఇంకా మిగిలే ఉంది. నోరు తెరిచే ఉంది. రెండో పేరు ఆ నాలుక మీద నిలబడి ఉండటం మా అందరికీ తెలుస్తోంది. అతను నోరు మూసుకున్నాడు. పైన గోవిందరాజు ఇంకాసేపు ఆగాడు, ఇక ఏ పేరూ రాదని తేలేదాకా. అప్పుడు చెయ్యి ఊపాడు. కూర్మయ్య మెట్లెక్కి వచ్చాడు.